ఒంటిపై ధరించే ఆరోగ్య సంవేదకాలు: కొలిచేది ఏది, ఊహించేది ఏది?

మణికట్టుకు కట్టుకునే గడియారం కాలాన్ని చూపడంతో సరిపెట్టుకోక, ధరించినవారి గుండె వేగాన్ని, నడిచిన అడుగులను, నిద్రించిన గంటలను, రక్తంలోని ప్రాణవాయువు శాతాన్ని కూడా చూపుతున్నది. వేలికి తొడిగే ఉంగరాలు, జబ్బకు అతికించే బిళ్లలు, ఛాతీకి చుట్టే పట్టీలు ఈ కోవకే చెందినవి. ఒకప్పుడు నగరాలలోని వ్యాయామప్రియులకు పరిమితమైన ఈ పరికరాలు నేడు జిల్లా కేంద్రాలలోని సెల్‌ఫోన్ దుకాణాలలోనూ లభిస్తున్నవి. వీటిని గూర్చిన ప్రకటనలు, వార్తాకథనాలు విరివిగా వెలువడుతున్న దృష్ట్యా, ఏ పరికరం ఏ విషయాన్ని నిజంగా కొలుస్తున్నది, దేనిని లెక్కగట్టి ఊహిస్తున్నది అనే భేదాన్ని పాత్రికేయ మిత్రులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ భేదం తెలియనందువల్ల ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు ఉన్నవి. మధుమేహ వ్యాధిగ్రస్తుడు తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదును పెంచుకోవడం అందులో ఒకటి. ఛాతీనొప్పి వచ్చినవారు గడియారంలో “సాధారణం” అన్న మాట చూసి ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేయడం మరొకటి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయన ఫలితాలు 2023 జూన్‌లో వెలువడినవి. 2021 నాటికి దేశంలో 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో, 31 కోట్ల 50 లక్షల మంది అధిక రక్తపోటుతో జీవిస్తున్నారని ఆ అధ్యయనం అంచనా వేసింది. ఈ పరికరాల వర్తకులు దృష్టి నిలిపినది ఈ జనసంఖ్య మీదనే అని వేరుగా చెప్పనవసరం లేదు.

పేరు విషయంలో ఒక మాట. ఆంగ్లంలో వేర్వేరు వర్ణక్రమాలు గల రెండు పదాలు, అనగా చలనచిత్రాలను పరిశీలించే సెన్సార్, వేడిమిని, వెలుతురును, కదలికను పసిగట్టే సెన్సార్, తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఒక్కటిగానే కనిపిస్తున్నవి. “గడియారానికి సెన్సార్ అనుమతి లేదు” అని శీర్షిక పెడితే పాఠకుడు ఏమనుకోవాలి? అందువల్ల ఈ వ్యాసంలో రెండవ అర్థానికి సంవేదకం అన్న మాటను వాడడమైనది.

నాడి చూడడం నుండి గడియారం దాకా

నాడిని బట్టి దేహస్థితిని గుర్తించడం మన దేశానికి కొత్త కాదు. శార్ఙ్గధర సంహితలో నాడీ పరీక్ష వివరణ కలదు. తెలుగునాట వెలసిన బసవరాజీయంలోనూ దానికి ప్రముఖ స్థానం ఉన్నది. అయితే ఆ పరీక్ష వైద్యుని వేలి స్పర్శ మీద, అతని అనుభవం మీద ఆధారపడినది. నాడిని అంకెలలోకి మార్చే ప్రయత్నం ఐరోపాలో జరిగినది. 1707లో ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్లోయర్ నాడీ స్పందనలను లెక్కించడం కోసమే సరిగ్గా ఒక నిమిషం పాటు నడిచే గడియారాన్ని వినియోగించి, ఆ విధానంపై గ్రంథం రచించారు. గడియారానికి, గుండెకు గల చుట్టరికం ఆ విధంగా మూడు శతాబ్దాల నాటిది.

రోగి ఆసుపత్రిలో పడకపై లేనప్పుడు అతని గుండె ఎట్లా పనిచేస్తున్నదో తెలుసుకోవాలన్న ఆలోచన అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్‌ది. 1940వ దశకంలో ఆయన రూపొందించిన తొలి పరికరం బరువు సుమారు 38 కిలోలు. దానిని వీపున మోసుకుని తిరగవలసి వచ్చేది. దాదాపు బియ్యం బస్తా బరువు మోస్తున్న మనిషి గుండె సహజంగా ఎట్లా కొట్టుకుంటుందన్న సందేహం కలగక మానదు. 1961 నాటికి ఆయన చిన్న పరికరాన్ని సిద్ధం చేసి శాస్త్రలోకానికి వివరించారు. నేటికీ హృద్రోగ వైద్యులు 24 గంటలు, అవసరమైతే అంతకు మించి, రోగి ఛాతీకి అమర్చి పంపే పరికరం ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నది.

పచ్చని వెలుగు చేసే పని

చేతి గడియారాన్ని విప్పి వెనుకకు తిప్పి చూసినవారికి పచ్చని వెలుగు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తుంది. ఆ వెలుగు చర్మంలోకి కొద్ది లోతు వరకు ప్రవేశిస్తుంది. రక్తంలోని ఎర్రని పదార్థమైన హిమోగ్లోబిన్ పచ్చని కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె సంకోచించినప్పుడు మణికట్టులోని సన్నని నాళాలకు రక్తం ఒక్కసారిగా చేరుతుంది, వెనుకకు తిరిగి వచ్చే వెలుగు ఆ క్షణంలో తగ్గుతుంది. గుండె వ్యాకోచించినప్పుడు ఆ వెలుగు పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులను పక్కనే ఉన్న కాంతి సంవేదకం గ్రహిస్తుంది. నిమిషానికి ఎన్ని మార్లు ఈ ఆటుపోటు కలిగిందో లెక్కిస్తే అదే గుండె వేగం. ఈ సూత్రాన్ని 1930వ దశకంలోనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ వివరించారు. నేటి కొత్తదనం పరికరం చిన్నదిగా మారడంలోను, ధర తగ్గడంలోను ఉన్నది.

కూర్చున్నవారి విషయంలో ఈ లెక్క చాలా వరకు నమ్మదగినదే. చేయి కదిలితే చర్మానికి, గడియారానికి నడుమ ఎడం ఏర్పడి వెలుతురు చొరబడుతుంది, రక్తం కూడా అటూఇటూ ఊగుతుంది. పరుగెత్తేవారిలో కొన్నిసార్లు గుండె స్పందనలకు బదులు అడుగుల లయ లెక్కలోకి వచ్చేది ఇందువల్లనే. పట్టీ వదులుగా ఉండడం, చలికి చేతులు చల్లబడడం, మణికట్టుపై పచ్చబొట్టు ఉండడం కూడా కొలతను చెడగొడతవి. పచ్చబొట్టు సిరా కాంతిని పీల్చివేస్తుంది. మన పల్లెలలో పెద్దవయసు స్త్రీల చేతులను చూసినవారికి ఇది చిన్న విషయం కాదని తోచగలదు.

ప్రాణవాయువు శాతాన్ని కొలిచే పద్ధతి దీనికి దగ్గరి బంధువు. అయితే ఇక్కడ పచ్చని కాంతికి బదులు ఎర్రని కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి రెండూ వాడతారు. ప్రాణవాయువును మోస్తున్న హిమోగ్లోబిన్ పరారుణ కాంతిని ఎక్కువగాను, మోయనిది ఎర్రని కాంతిని ఎక్కువగాను పీల్చుకుంటుంది. రెండింటి నిష్పత్తిని బట్టి శాతాన్ని లెక్కగడతారు. జపాన్‌కు చెందిన టకువో అయోయాగి 1974లో ఈ మార్గాన్ని చూపారు. ఆయన 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మహమ్మారి వ్యాపిస్తున్న తరుణంలో, ఆయన పరికరం పేరు ప్రపంచంలో ప్రతి ఇంటికీ పరిచయమవుతున్న రోజులలో కన్నుమూశారు.

ఆ దినాలను మన ప్రజలు మరచిపోలేరు. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ సవరించిన గృహ ఏకాంత చికిత్స మార్గదర్శకాలు, ప్రాణవాయువు 94 శాతం కంటే తగ్గితే వెంటనే వైద్య సహాయం పొందాలని సూచించినవి. వేలికి తగిలించే ఆక్సీమీటరు కోసం మందుల దుకాణాల ముందు జనం బారులు తీరారు. వేలికి బదులు కలమును పెట్టినా అంకె చూపే నకిలీ పరికరాలను గూర్చిన వార్తలు కూడా అప్పుడే వచ్చినవి. ధరలు ఆకాశానికి చేరిన నేపథ్యంలో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ 2021 జూలైలో ఆక్సీమీటరుతో సహా ఐదు వైద్య పరికరాలపై వర్తక లాభాన్ని 70 శాతానికి పరిమితం చేసింది. మిగిలిన నాలుగు రక్తపోటు యంత్రం, గ్లూకోమీటరు, డిజిటల్ థర్మామీటరు, నెబ్యులైజరు.

ఇక చర్మపు రంగు సంగతి. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020 డిసెంబరులో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఆక్సీమీటరులో 92 నుండి 96 శాతం చూపుతుండగా ధమని రక్తాన్ని పరీక్షిస్తే 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లజాతి రోగులలో 3.6 శాతం, నల్లజాతి రోగులలో 11.7 శాతం. ఇవి ఆసుపత్రులలో వాడే మేలురకం పరికరాల లెక్కలు అని గమనించవలెను. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ఈ పరికరాలను వివిధ వర్ణాల చర్మం గలవారిపై పరీక్షించవలసిన తీరును గూర్చి ముసాయిదా మార్గదర్శకాలను వెలువరించింది. చామనచాయ మొదలు నలుపు వరకు అన్ని ఛాయలూ గల మన దేశంలో, పరికరాన్ని ఎవరిపై పరీక్షించారన్న ప్రశ్నను విలేకరుల సమావేశాలలో తప్పక వేయవలసి ఉన్నది. ఆ ప్రశ్న వినిపించడం అరుదు.

గుండె లయ, తప్పుడు హెచ్చరిక

కొన్ని గడియారాలు కాంతితో పాటు విద్యుత్ సంకేతాలను కూడా నమోదు చేస్తున్నవి. వెనుక భాగం ఒక చేతి మణికట్టును తాకుతుండగా, పక్కనున్న మరను రెండవ చేతి వేలితో 30 సెకన్లు పట్టుకుంటే, రెండు చేతుల నడుమ గుండె విద్యుత్ ప్రవాహం ఒక గీతగా ముద్రితమవుతుంది. ఈ సదుపాయం గల యాపిల్ గడియారానికి 2018 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఆమోదం లభించింది.

ఈ గీత ప్రధానంగా ఒక రుగ్మతను పసిగట్టడానికి ఉద్దేశించినది. గుండె పై గదులైన కర్ణికలు క్రమం తప్పి వణకడాన్ని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అట్లా వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. చాలామందిలో ఇది లక్షణాలు లేకుండానే వచ్చిపోతూ ఉంటుంది గనుక, ఎల్లవేళలా ఒంటి మీద ఉండే పరికరం దీనిని కనిపెట్టగలిగితే ప్రయోజనమే.

గుండెపోటు వేరే సంగతి. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడాన్ని గుర్తించడానికి ఆసుపత్రిలో చేతులు, కాళ్లు, ఛాతీపై పది చోట్ల తీగలు అమర్చి గుండెను పన్నెండు కోణాల నుండి పరిశీలిస్తారు. గడియారం చూసేది ఒక్క కోణం నుండి మాత్రమే. ఒక ఇంటి గోడలు పగిలినవా అని వీధి వాకిట్లో నిలిచి చూడడం వంటిది ఇది. పెరటి గోడ కూలినా తెలియదు. గడియారాన్ని తయారుచేసిన సంస్థే అది గుండెపోటును గుర్తించలేదని స్పష్టంగా పేర్కొన్నది. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లేక దవడకు పాకే బాధ, చెమటలు, ఆయాసం కలిగినవారు గడియారం వంక చూడకుండా 108కి ఫోన్ చేయవలెను. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఈ సేవ రెండు తెలుగు రాష్ట్రాల ప్రజలకూ సుపరిచితమే. గుండెపోటులో గడచిన ప్రతి నిమిషానికీ కొంత కండరం నశిస్తుంది. గడియారాన్ని గూర్చిన ఏ కథనంలోనైనా ఈ ఒక్క విషయం ఒక్క వాక్యంలోనైనా చేర్చవలసిందిగా పాత్రికేయ మిత్రులకు విజ్ఞప్తి.

హెచ్చరికలు ఎంతవరకు నిజమవుతున్నవి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించి 2019 నవంబరులో ఫలితాలను ప్రచురించిన అధ్యయనంలో 4,19,297 మంది పాల్గొన్నారు. వారిలో 2,161 మందికి, అనగా 0.52 శాతానికి, నాడి లయ తప్పినదన్న హెచ్చరిక అందినది. వారిలో ఛాతీకి అతికించే ప్యాచ్‌ను ధరించి తిరిగి పంపిన 450 మందిని పరిశీలించగా 34 శాతం మందిలో రుగ్మత కనిపించినది. ఈ రుగ్మత వచ్చిపోయే స్వభావం కలది గనుక మిగిలినవారందరికీ తప్పుడు హెచ్చరిక వచ్చినదని తీర్మానించరాదు. ప్యాచ్ ఒంటిపై ఉన్నప్పుడే గడియారం మరల హెచ్చరించిన సందర్భాలలో 84 శాతం నిజమని తేలినది. ఒకే అధ్యయనం నుండి 34, 84 అనే రెండు అంకెలు రావడం ఇందుకే. ఏ అంకెను శీర్షికలో పెట్టినా రెండవది వార్తలో ఉండవలెను.

తప్పుడు హెచ్చరికల వెనుక ఉన్న గణితాన్ని ఒక ఊహా ఉదాహరణతో చెప్పవచ్చును. లక్ష జనాభా గల ప్రాంతంలో 500 మందికి ఒక రుగ్మత ఉన్నదనుకొందాం. పరికరం రోగులలో 90 శాతం మందిని పట్టుకుంటుందని, ఆరోగ్యవంతులలో కేవలం 2 శాతం మందిని పొరపాటున రోగులంటుందని అనుకొందాం. చూడడానికి ఇది మంచి పరికరమే. 500 మందిలో 450 మందికి సరైన హెచ్చరిక అందుతుంది. మిగిలిన 99,500 మందిలో 2 శాతమంటే 1,990 మందికి అనవసరపు హెచ్చరిక అందుతుంది. మొత్తం 2,440 హెచ్చరికలలో నిజమైనవి 450, అనగా అయిదింట ఒకటి కంటే తక్కువ. పరికరంలో లోపం లేదు, రుగ్మత అరుదుగా ఉన్నది. ఏదైనా మండలంలో ప్రజలందరికీ ఇటువంటి పరికరాలు పంచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ 1,990 మందికి నిర్ధారణ పరీక్షలు ఎక్కడ, ఎవరు, ఏ నిధులతో చేస్తారన్నది అధికారులు మొదట తేల్చుకొనవలసిన అంశం. లక్షణాలు లేనివారికి ఈ గుండె లయ పరీక్షను సిఫారసు చేయడానికిగాని, వద్దనడానికిగాని తగిన ఆధారాలు లేవని అమెరికా నివారణ సేవల కార్యదళం 2022లో ప్రకటించింది.

సూది లేని చక్కెర పరీక్ష

ఈ విషయంలో నిస్సంకోచంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. చర్మాన్ని గుచ్చకుండా రక్తంలోని చక్కెరను కొలుస్తామని చెప్పే గడియారాలను, ఉంగరాలను నమ్మరాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరి 21న ఇదే విషయమై ప్రజలను హెచ్చరించి, తమంతట తామే చక్కెర కొలిచే గడియారానికి గాని ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని తెలియజేసింది. తప్పుడు అంకె చూసి ఇన్సులిన్‌గాని, చక్కెర తగ్గించే మాత్రలుగాని ఎక్కువ మోతాదులో తీసుకుంటే చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోయి, కొన్ని గంటలలోనే స్పృహ తప్పడం, మరణం సంభవించడం జరగవచ్చునని ఆ హెచ్చరికలో పేర్కొన్నారు.

కాంతితో నాడిని కొలవగలిగినప్పుడు చక్కెరను ఎందుకు కొలవలేరన్న సందేహం సహజం. హిమోగ్లోబిన్ రంగు గల పదార్థం, రక్తంలో సమృద్ధిగా ఉంటుంది. గ్లూకోజు రంగు లేనిది, బహు స్వల్ప పరిమాణంలో ఉంటుంది. చర్మంలోని నీరు, కొవ్వు, మాంసకృత్తులు పంపే సంకేతాల నడుమ దాని సంకేతం, తిరునాళ్ల సందడిలో గుసగుస వలె మునిగిపోతుంది. దశాబ్దాల తరబడి పరిశోధనలు సాగుతున్నవి. పరిశోధన సాగుతున్నదనడం వేరు, పరికరం వచ్చినదనడం వేరు.

నిజంగా పనిచేసే నిరంతర చక్కెర సంవేదకాలు మరొక తరగతికి చెందినవి. జబ్బకు లేక పొట్టకు అతికించే చిన్న బిళ్ల నుండి వెంట్రుక వంటి సన్నని తంతువు చర్మం కిందికి చేరి ఉంటుంది. గ్లూకోజుతో ఎంజైము జరిపే రసాయన చర్య వల్ల పుట్టే స్వల్ప విద్యుత్తును కొలిచి, కొద్ది నిమిషాలకొకసారి అంకెను ఫోన్‌కు పంపుతుంది. రకాన్ని బట్టి పది నుండి పదిహేను దినాలకు ఒకసారి మార్చవలసి ఉంటుంది. ఇది కొలిచేది రక్తంలోని చక్కెరను కాదు, కణాల నడుమ ఉండే ద్రవంలోని చక్కెరను. రక్తంలో కలిగిన మార్పు ఆ ద్రవంలో కొన్ని నిమిషాలు ఆలస్యంగా ప్రతిఫలిస్తుంది. భోజనానంతరం, వ్యాయామ సమయంలో ఈ ఎడం పెరుగుతుంది. అందువలన కళ్లు తిరగడం, వణుకు వంటి లక్షణాలు ఉండి అంకె మామూలుగా ఉన్నప్పుడు, వేలిని గుచ్చి గ్లూకోమీటరుతో సరిచూసుకొనవలెను. ఇన్సులిన్ తీసుకునేవారికి, ముఖ్యంగా చిన్న పిల్లలకు, రాత్రివేళ చక్కెర పడిపోతే మోగే హెచ్చరిక గంట వీటితో లభించే గొప్ప మేలు. ఆ మేలు పొందడానికి నెలనెలా వెచ్చించవలసిన మొత్తమే సామాన్య కుటుంబాలకు అడ్డంకిగా ఉన్నది.

రక్తపోటు విషయంలో పరిస్థితి ఈ రెంటికీ నడుమ ఉన్నది. జబ్బకు పట్టీ చుట్టి గాలి నింపకుండా, నాడి తరంగం ఆకారాన్ని బట్టి రక్తపోటును అంచనా వేసే గడియారాలు వచ్చినవి. వీటిలో కొన్నింటిని నాలుగు వారాలకొకసారి పట్టీ యంత్రంతో సరిపోల్చుకోవాలని తయారీదారులే చెబుతున్నారు. వైద్యుడు మందును నిర్ణయించడానికి ఇటువంటి పట్టీ లేని పరికరాలపై ఆధారపడరాదని ఐరోపా రక్తపోటు వైద్యుల సంఘం 2022లో అభిప్రాయపడినది. 2025 సెప్టెంబరులో అమెరికాలో ఆమోదం పొందిన యాపిల్ సదుపాయం సైతం రక్తపోటు అంకెను చూపదు. 30 దినాల సంకేతాలను పరిశీలించి, అధిక రక్తపోటు ఉండవచ్చునని, పట్టీ యంత్రంతో పరీక్షించుకోవాలని మాత్రమే సూచిస్తుంది. సూచనకు, కొలతకు గల భేదాన్ని పాటించిన తీరు ఇది.

అడుగులు, కెలోరీలు, నిద్ర

రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం వైద్యశాస్త్రం నుండి వచ్చినది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి సంవత్సరం 1965లో జపాన్‌లో విక్రయానికి వచ్చిన అడుగుల లెక్కింపు పరికరం పేరుకు “పదివేల అడుగుల మీటరు” అని అర్థం. పేరు నినాదమైనది, నినాదం నియమమైనది. సగటున 72 ఏళ్ల వయసు గల అమెరికన్ స్త్రీలపై జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు నడిచినవారిలోనే, 2,700 అడుగులు నడిచినవారి కంటే మరణాలు తక్కువగా ఉన్నవి. దాదాపు 7,500 దాటిన తరువాత అదనపు మేలు కనిపించలేదు. మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దలకు ఇది ఊరట కలిగించే వార్త.

కెలోరీల లెక్కను పట్టించుకోనవసరం లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు పరికరాలను పరీక్షించగా, గుండె వేగంలో ఆరు పరికరాలు 5 శాతం లోపు తేడాతో సరిగా చూపినవి. ఖర్చయిన శక్తి విషయంలో మాత్రం అన్నింటిలో మేలైనదే సగటున 27 శాతం తప్పు చూపినది, అధమమైనది 93 శాతం. నిద్ర విషయానికి వస్తే, ఎన్ని గంటలు పడుకున్నదీ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. గాఢ నిద్ర, కలల నిద్ర అన్న విభజనకు మెదడు తరంగాల పరీక్ష అవసరం. మణికట్టు ఆ పని చేయలేదు.

కింద పడినప్పుడు గుర్తించే సదుపాయం మన కుటుంబాలకు ఉపయోగకరమైనది. బిడ్డలు అమెరికాలోనో, బెంగుళూరులోనో స్థిరపడగా స్వగ్రామంలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. ఒక్కసారిగా తగిలిన దెబ్బను, ఆపై కొంతసేపు కదలిక లేకపోవడాన్ని బట్టి గడియారం పతనాన్ని ఊహించి, ముందుగా నమోదు చేసిన నంబర్లకు కబురు పంపుతుంది. గోడను ఆనుకుని మెల్లగా జారి కూర్చుండిపోయినప్పుడు గుర్తించకపోవచ్చు. కబురు డల్లాస్‌లోని కుమారునికి మాత్రమే చేరితే ప్రయోజనం స్వల్పం. పక్కింటివారి నంబరు కూడా అందులో నమోదై ఉండవలెను.

చట్టం ఏమంటున్నది

వైద్య పరికరాల నియమావళి, 2017, 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. 2020 ఫిబ్రవరి 11 నాటి ప్రకటన ద్వారా, అదే సంవత్సరం ఏప్రిల్ 1 నుండి, వ్యాధి నిర్ధారణకు, పర్యవేక్షణకు, చికిత్సకు ఉద్దేశించిన అన్ని పరికరాలూ, వాటి సాఫ్ట్‌వేర్‌తో సహా, ఔషధ చట్ట పరిధిలోకి చేర్చబడినవి. ప్రమాద స్థాయిని బట్టి వీటిని ఎ, బి, సి, డి అనే నాలుగు తరగతులుగా విభజించారు. మొదటి రెండు తరగతులకు 2022 అక్టోబరు 1 నుండి, తరువాతి రెండింటికి 2023 అక్టోబరు 1 నుండి లైసెన్సు తప్పనిసరి అయినది. ఎ, బి తరగతుల తయారీ లైసెన్సును రాష్ట్ర అధికారి, సి, డి తరగతుల తయారీ లైసెన్సును, అన్ని తరగతుల దిగుమతి లైసెన్సును కేంద్ర అధికారి మంజూరు చేస్తారు. ఆ లైసెన్సులు వరుసగా ఎం.డి-5, ఎం.డి-9, ఎం.డి-15 నమూనాలలో ఉంటవి.

ఇందులో కీలకమైన మాట “ఉద్దేశించిన” అన్నది. తమ గడియారం సాధారణ ఆరోగ్య అవగాహన కోసమేనని, వైద్య పరికరం కాదని పెట్టె మీద చిన్న అక్షరాలలో ముద్రించి, ప్రకటనలో మాత్రం గుండెకు కాపలా అని, చక్కెరకు చెక్ అని పెద్ద అక్షరాలలో చాటేవారు ఉన్నారు. ఆవిష్కరణ సభలకు హాజరయ్యే విలేకరులు పెట్టె మీది చిన్న అక్షరాలను చదవడం, లైసెన్సు నంబరు అడగడం అలవరచుకుంటే సగం ప్రకటనలు వార్తలుగా మారవు. నంబరు చెప్పలేని పరికరాన్ని ప్రభుత్వ కార్యాలయాల కోసం కొనుగోలు చేసేముందు జిల్లా అధికారులు ఔషధ నియంత్రణ విభాగాన్ని సంప్రదించవలసి ఉన్నది. వార్త రాసేటప్పుడు “వ్యాధిని నిర్ధారించింది” అన్న క్రియను వైద్యునికి వదలి, పరికరం విషయంలో “సూచించింది” లేక “హెచ్చరించింది” అని వాడడం ఉచితం.

సమాచార భద్రత మరొక పార్శ్వం. గుండె వేగం, నిద్రవేళలు, నడిచిన దారులు ధరించినవారి ఫోన్‌లోనే నిలిచి ఉండవు, సంస్థ సర్వర్లకు చేరతవి. స్ట్రావా అనే వ్యాయామ యాప్ వినియోగదారులు పరుగెత్తిన దారులన్నింటినీ కలిపి ప్రపంచ పటంగా విడుదల చేయగా, నిర్జన ప్రాంతాలలోని సైనిక స్థావరాల ఆనవాళ్లు అందులో వెలుగుగీతలుగా బయటపడిన ఉదంతం 2018 జనవరిలో సంచలనం కలిగించినది. పోలీసు, అటవీ శాఖల సిబ్బంది, గస్తీ విధులలో ఉన్నవారు తమ పరికరాలలో స్థల నమోదును నిలిపివేయడం మేలు. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందగా, నియమావళి 2025 నవంబరులో వెలువడినది. సంస్థలపై ప్రధాన బాధ్యతలు నియమావళి వెలువడిన 18 నెలలకు అమలులోకి వచ్చే విధంగా గడువు నిర్దేశించారు. ఉద్యోగులకు గడియారాలు పంచి, వారి ఆరోగ్య వివరాలను కార్యాలయం చూడడానికి వీలు కల్పించే పథకాలను రూపొందించేవారు ఈ చట్టంలోని సమ్మతి నిబంధనలను ముందుగా చదవవలెను.

పరికరం వల్ల హాని కలిగినప్పుడు తెలియజేయడానికి 2015 జూలై 6న ఆరంభమైన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఘజియాబాద్‌లోని భారత ఔషధ ప్రమాణ సంస్థ కేంద్రంగా పనిచేస్తున్నది. వైద్యులతో పాటు రోగులు కూడా ఫిర్యాదు పంపవచ్చును. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మొదటి పర్యాయం 10 లక్షల రూపాయల వరకు, మరల చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు కలదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఫిర్యాదుతో పాటు పరికరం నమూనా పేరు, బ్యాచ్ నంబరు, కొనుగోలు రసీదు, ప్రకటన ప్రతి జతపరచవలెను. పెట్టెను పారవేయరాదు.